రేనాటి చారిత్రక గుర్తులు: అవుకు, కోయిలకుంట్ల ప్రాంతం

నంద్యాల జిల్లాలోని అవుకు, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో గత చరిత్రను తెలిపే శాసనాలు, వీరగల్లులు, విగ్రహాలు, పేరు పలకలను రేనాటి చారిత్రక గుర్తులుగా చెప్పుకోవచ్చు. రేనాడు అన్నది కడప జిల్లాకూ దానికి ఆనుకున్న కర్నూలు భాగాలకూ పాత పేరు. విజయనగర కాలంలో ఆరవీటి వంశంలోని ఒక శాఖకు కేంద్రమైన అవుకు ఈనాడు మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఇది కర్నూలు జిల్లాలో ఉండేది.

నేల, రాయి

చరిత్రను నిలబెట్టడానికి కావలసిన రాయికి ఇక్కడ కరువు లేదు. ఇళ్ల గోడలకూ నేలకూ పొలం గట్లకూ వాడే నాపరాయి ఈ నేలలోనే దొరుకుతుంది. 1872లో విలియం కింగ్ రాసిన భూగర్భ నివేదిక ఈ నాపరాయి ఉన్న కర్నూలు శిలాశ్రేణిని శాస్త్రలోకానికి వివరంగా పరిచయం చేసింది. ఆ శ్రేణిలోని పొరలు బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల పేర్లతో నేటికీ పాఠ్యగ్రంథాల్లో ఉన్నాయి. అవుకు పేరు పెట్టుకున్నది ఒక పలకరాతి పొర.

శాసనాలు, వీరగల్లులు

తెలుగు భాషకు లభించిన తొలి శాసనం రేనాటిదే. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన ఆ శాసనం కడప జిల్లా కలమళ్లలోని ఆలయ ప్రాంగణంలో దొరికింది. దాని కాలం క్రీ.శ. 575 ప్రాంతం. సంస్కృత, ప్రాకృతాలలో శాసనాలు వేయించే రోజుల్లో రేనాటి చోళులు జనం మాట్లాడే భాషను రాతికెక్కించారు. తెలుగు చరిత్రకు ఈ నేల చేసిన మేలు అది.

దానశాసనాల పైభాగంలో సూర్యచంద్రుల బొమ్మలు చెక్కడం ఆనవాయితీ. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, దానం చెల్లుతుందని దాని భావం. దానాన్ని చెరిపినవారికి పట్టే పాపాన్ని చివర రాస్తారు. వీరగల్లు పోరులో పడినవాడి జ్ఞాపకం. కింది అరలో కత్తి దూసి పోరాడుతున్న వీరుడు, నడిమి అరలో అతణ్ణి స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు, పై అరలో శివలింగం ముందు కూర్చున్న అతడు కనిపించడం చాలా రాళ్లలో ఉన్న క్రమం.

అరిగిన అక్షరాలు చదవడానికి ముందు వాటి అచ్చు తీస్తారు. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేలా బ్రష్షుతో కొడతారు. తర్వాత సిరా అద్దితే చెక్కిన చోటు తెల్లగానూ మిగతా రాయి నల్లగానూ వస్తుంది.

1846 తిరుగుబాటు

ఈ ప్రాంతం ఎక్కువగా తలచుకునే ఘట్టం ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టర్ థామస్ మన్రో పాలెగాళ్ల అధికారాన్ని తీసేశాడు. వారి వారసులకు తవర్జీ అనే భరణం మిగిలింది. ఆ వారసుల్లో ఒకడైన నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర. నొస్సం పాలెగాళ్లైన తన మాతామహుల భరణంలో వాటా దక్కకపోవడం ఆయన అసంతృప్తికి ఒక కారణం. ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్ల మాన్యాలను కంపెనీ లాక్కోవడం మరో కారణం. తిండి పెట్టే భూమి పోగొట్టుకున్న ఆ బంట్లే ఆయనకు సైన్యమయ్యారు. మద్దతిచ్చిన జమీందారుల్లో అవుకు వారినీ చెబుతారు.

1846 జూలైలో తిరుగుబాటుదారులు కోయిలకుంట్ల ఖజానాను కొల్లగొట్టారు. అదే ఏడు అక్టోబరు 6న నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్ల వద్ద జుర్రేరు ఒడ్డున ఆయనను ఉరితీశారు. కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది గనుక ఆ శిక్షను కడప కలెక్టర్ కాక్రేన్ సమక్షంలో అమలు చేశారు. ఈ తాలూకా 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది. ఉరితీసిన తర్వాత అక్కడి కోటకు వేలాడదీసిన నరసింహారెడ్డి తల 1877 వరకూ అలాగే ఉంది. జనాన్ని భయపెట్టడానికి ప్రభుత్వమే పెట్టిన గుర్తు అది. జనం మాత్రం ఆయన కథను పాట కట్టి పాడుకున్నారు.

కొత్త గుర్తులు

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చి 25న ప్రారంభమైన విమానాశ్రయానికి నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన అనుచరుడు వడ్డె ఓబన్న జయంతిని జనవరి 11న జరుపుతున్నారు. కరువులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిదీ ఉయ్యాలవాడే. నరసింహారెడ్డినీ వెంగళరెడ్డినీ కలిపి రేనాటి సూర్యచంద్రులంటారు. ఇలాంటివారి విగ్రహాలు చెక్కే శిల్పులు పక్కనే ఆళ్లగడ్డలో ఉన్నారు: అక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

రక్షణ

జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలకు 1958 చట్టం, రాష్ట్ర రక్షిత కట్టడాలకు 1960 చట్టం అండగా ఉన్నాయి. జాతీయ కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఈ జాబితాలకెక్కని రాళ్లను కాపాడవలసింది ఊరివాళ్లే. గుడిని బాగు చేసినప్పుడు సున్నం, పెయింటు పూయడం వల్ల అక్షరాలు పూడిపోతాయి. రోడ్డు వెడల్పు కోసం రాయిని చోటు మారిస్తే ఏ పొలానికి, ఏ చెరువుకు దానమిచ్చారో తెలిపే ఆధారం తెగిపోతుంది. ఉన్నచోటే ఉంచి, పక్కన కాలాన్నీ సారాంశాన్నీ తేలిక తెలుగులో రాసిన పలక నిలబెట్టడం పంచాయతీలకు, బడులకు అందుబాటులో ఉన్న పని. తిరుగుబాటు పలకల మీద నాయకుడి పేరుతో పాటు మాన్యాలు పోయిన కట్టుబడి బంట్ల కష్టమూ రాస్తే ఆ పోరాటం ఎందుకు జరిగిందో దారిన పోయేవారికి అర్థమవుతుంది.