డోరా అడిగి ఆగేది

మొన్న దసరా సెలవులకి మా చిన్నది హాస్టల్ నుంచి వచ్చింది. ఇద్దరం కలిసి అటక మీద సామాన్లు దించుతుంటే ఒక ఊదారంగు బ్యాగు దొరికింది. జిప్పు పోయింది, ఒక పట్టీ తెగింది. పైన డోరా బొమ్మ మొత్తం రాలిపోయి కళ్ళు మాత్రం మిగిలాయి. "దీన్ని ఇంకా ఎందుకు దాచావమ్మా?" అని నవ్వింది. పారేయడానికి చేతులు రాలేదన్నాను. ఎందుకు రాలేదో దానికి చెప్పలేదు. మీకు చెప్తాను. డోరా ఎక్కడ పుట్టిందో, మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో కూడా తెలుసుకున్నాను కాబట్టి అదీ కలిపి రాస్తున్నాను.

మా పుట్టిల్లు కొల్లేటి అంచున, ఆకివీడు దగ్గర. చిన్నప్పుడు మాకు కథలంటే అమ్మమ్మే. వేసవి రాత్రి వాకిట్లో మంచం వేసుకుని కథ మొదలుపెట్టేది. ఒకటే షరతు, మేము ఊ కొట్టాలి. ఊ వినపడకపోతే కథ అక్కడే ఆగిపోయేది. "నిద్రపోయారా? లేకపోతే రాజుగారి ఏడో కొడుకు ఏం చేశాడో మీరే చెప్పండి" అనేది. మేము ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. తప్పు చెప్పినా కోప్పడేది కాదు, ఆ తప్పుని కూడా కథలో కలిపేసుకునేది. ఈ ఊ కొట్టడం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మా అమ్మ తరానికి రేడియో ఉండేది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు గానీ, న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు ఆ దంపతులు. బాలానందం కార్యక్రమంలో పిల్లల చేతే పాటలు పాడించి, నాటికలు వేయించేవారు. 1945లో పిల్లల కోసం 'బాల' అనే పత్రిక కూడా పెట్టారు. పెద్దవాళ్ళు చెప్తుంటే పిల్లలు వినడమే కాదు, పిల్లలు మాట్లాడుతుంటే పెద్దవాళ్ళు వినాలన్నది వాళ్ళ పద్ధతి.

టీవీలో చదువు చెప్పే ప్రయత్నం మన దేశంలో పెద్దఎత్తున జరిగింది 1975లో. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని, ఆగస్టు 1 నుంచి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకి కార్యక్రమాలు పంపారు. దాన్నే సైట్ అంటారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాలు తెలుగులో వచ్చేవి. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం ఊరందరికీ. అయితే అవి అయిదేళ్ళు దాటిన పిల్లలకి. మూడేళ్ళ వాళ్ళ కోసం అదే ఏడాది అక్టోబరు 2న దేశంలో ఐసీడీఎస్ మొదలైంది. మనం అంగన్‌వాడీ అంటున్నది దానివల్ల వచ్చినదే. అంటే బడికి పోయే పిల్లలకి టీవీ, ఇంకా బడి ఈడు రాని వాళ్ళకి అంగన్‌వాడీ ఒక్క ఏడాదిలోనే వచ్చాయన్నమాట.

మా ఊళ్ళోకి టీవీ వచ్చింది ఎనభైల్లో. మా వీధిలో ఒక్క ఇంట్లో ఉండేది, పిల్లలందరం కింద చాప మీద. అప్పుడప్పుడూ దూరదర్శన్‌లో ఒక చిన్న బొమ్మల సినిమా వేసేవారు. అక్క తమ్ముడికి 'ఒకటి' అంటే ఏమిటో, 'అనేకం' అంటే ఏమిటో చెప్తుంది. వలలో పడ్డ పక్షులన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి. 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా' దాని పేరు. 1974లో ఫిల్మ్స్ డివిజన్ కోసం విజయా మూలే గారు తీశారు, బొమ్మలు భీమ్‌సేన్ గారివి. ఏడు నిమిషాలే. మాకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా పక్షులు ఎగిరేటప్పుడు మేమందరం చేతులు ఊపేవాళ్ళం. మాకు అర్థం కాని భాషలో మాకు అర్థమైన మొదటి పాఠం అది.

ఇక నా సంగతి. నాకు తాడేపల్లిగూడెంలో సంబంధం కుదిరింది. మా చిన్నది పుట్టింది 2005 చివర్లో. మరుసటి ఏడాది, 2006లో, కొల్లేట్లో ఐదో కాంటూరు లోపల ఉన్న చేపల చెరువుల గట్లన్నీ ప్రభుత్వం పగలగొట్టించింది. ఆపరేషన్ కొల్లేరు అన్నారు. సరస్సు బతకాలంటే అది కావాలని ఇప్పుడు నాకూ తెలుసు. కానీ మా నాన్నకి, బాబాయిలకి అందులో వాటా ఉంది, అప్పులు ఉన్నాయి. ఆ రెండు మూడేళ్ళు అమ్మ పుట్టింటి గడప దాటి నా దగ్గరికి వచ్చి నాలుగు రోజులు ఉన్నది లేదు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. మావారు పొద్దున పోతే రాత్రికి. పెద్దాడి బడి, వంట, బట్టలు, మధ్యలో ఈ చంటిది. పిల్లని ఎక్కడ కూచోబెట్టను? టీవీ ముందు కూచోబెట్టాను. దాచడం ఎందుకు, అదే నిజం.

మూడేళ్ళు నిండినా దానికి మాటలు సరిగా రాలేదు. "అమ్మ", "పాలు", "వద్దు", ఇంకో పది మాటలు. అత్తయ్య "టీవీకి అప్పజెప్పి పిల్లని మూగదాన్ని చేస్తున్నావే" అనేవారు. ఆవిడ అన్నది కోపంతో కాదు, భయంతో. 2009లో ఎల్‌కేజీలో చేర్పించడానికి ఒక బడికి తీసుకెళ్ళాం. పేరేమిటని ఇంగ్లీషులో అడిగారు. పలకలేదు. తెలుగులో అడిగారు. నా కొంగు పట్టుకుని వెనక్కి తిరిగింది. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. తిరిగి వస్తూ రిక్షాలో నేను ఏడిస్తే, అది నా మొహం వంక చూస్తూ కూచుంది.

డాక్టరు గారు చెవులు పరీక్ష చేయించి, వినికిడి బాగానే ఉందన్నారు. తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగారు. "మీరు పాపని ఏదైనా అడిగితే, జవాబు కోసం ఎంతసేపు ఆగుతారమ్మా?" నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

అదే ఏడాది సన్ వాళ్ళు తెలుగు పిల్లల కోసం ఖుషీ టీవీ పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందు తమిళంలో చుట్టి టీవీ పెట్టిన వాళ్ళే. అందులో తెలుగు మాట్లాడే డోరా వచ్చింది. పక్కన ఎర్రబూట్లు తొడుక్కున్న కోతిపిల్ల. ఇంగ్లీషులో దాని పేరు బూట్స్, మనవాళ్ళు బుజ్జి అన్నారు. ఎంత బాగా కుదిరిందో చూడండి, గోదావరి జిల్లాల్లో ఇంటికొక బుజ్జి ఉంటారు కదా!

ఒకరోజు నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. హాల్లో డోరా ఏదో అడిగింది. తర్వాత నిశ్శబ్దం. కరెంటు పోయిందేమో అనుకున్నాను. ఆ నిశ్శబ్దంలో మా చిన్నది "చెట్టు వెనకాల" అంది. రెండు మాటలు కలిపి! కత్తిపీట అలాగే వదిలేసి వచ్చాను. డోరా కళ్ళు పెద్దవి చేసుకుని మా పిల్ల వంకే చూస్తోంది. జవాబు విన్నట్టే తలాడించి ముందుకు నడిచింది.

ఆ నిశ్శబ్దం పొరపాటున వచ్చింది కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దాని వెనక నలభై ఏళ్ళ ఆలోచన ఉంది. 1969 నవంబరులో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' మొదలైంది. జోన్ గాంజ్ కూనీ అనే ఆవిడ, మరికొందరు కలిసి, బీద పిల్లలు బడిలో చేరకముందే అక్షరాలు, అంకెలు నేర్చుకోవాలని తలపెట్టిన కార్యక్రమం అది. 1996లో 'బ్లూస్ క్లూస్' వచ్చింది. అందులో మనిషి పిల్లల్ని ప్రశ్న అడిగి ఆగుతాడు. ఇంకో విచిత్రం, ఒకే ఎపిసోడ్‌ని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులూ వేసేవారు. మొదటి రోజు పిల్లలు ఊరికే చూస్తారు, రోజులు గడిచేకొద్దీ జవాబులు చెప్పడం మొదలుపెడతారు. చెప్పిన కథే మళ్ళీ చెప్పమని మన పిల్లలు ప్రాణం తీస్తారే, అందుకు కారణం ఇదే.

2000 ఆగస్టు 14న నికెలోడియన్‌లో డోరా మొదలైంది. క్రిస్ గిఫర్డ్, వాలెరీ వాల్ష్, ఎరిక్ వైనర్ అనే ముగ్గురు దాన్ని తయారుచేశారు. ఏడేళ్ళ పిల్ల, వీపున మాట్లాడే సంచి, అందులో దారి చెప్పే పటం. ప్రతి కథలోనూ పటం మూడు గుర్తులు చెప్తుంది, పిల్లలు వాటిని వరసగా గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో వస్తువులు ఎత్తుకుపోయే నక్క. దొంగతనం చేయకూడదని దానికి మూడుసార్లు చెప్తే వెనక్కి తగ్గుతుంది. తెర మీద కంప్యూటర్‌లో లాగా బాణం గుర్తు వచ్చి జవాబు మీద నొక్కుతుంది.

తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి నన్ను ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ డోరా లాటిన్ అమెరికా మూలాలున్న పిల్ల. ఇంగ్లీషు పిల్లలకి తన ఇంటి భాష స్పానిష్ మాటలు నేర్పుతుంది. అంటే పనివాళ్ళ భాషగా చాలామంది చిన్నచూపు చూసే భాషని, టీవీలో కూచుని దర్జాగా నేర్పింది. మన దగ్గరికి వచ్చేసరికి డోరా తెలుగు మాట్లాడుతూ మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు నేర్పింది. కథ తిరగబడింది. అక్కడ ఇంటి భాషకి గౌరవం ఇస్తే, ఇక్కడ బడి భాషకి ఇచ్చారు. ఇంగ్లీషులో పేరు చెప్పలేక ఇంటికి తిరిగొచ్చిన పిల్ల తల్లిని నేను. నాకు ఆ ఇంగ్లీషు మాటలు కూడా ముద్దుగానే అనిపించాయని ఒప్పుకోవాలి. అయినా మా చిన్నది డోరాకి జవాబు చెప్పింది మాత్రం తెలుగులోనే.

ఆ రోజు నుంచి నేను డోరాని చూసి నేర్చుకున్నాను. అంతకు ముందు "అన్నం తింటావా? పెరుగు వేయనా? సరే పెరుగే తిను" అని ఒక్క ఊపిరిలో నేనే అడిగి, నేనే జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పని ఆలస్యమయ్యేది. కూర మాడిన రోజులూ ఉన్నాయి. మధ్యాహ్నం టీవీ కట్టేసి అమ్మమ్మ కథలు చెప్పేదాన్ని, ఊ కొట్టమని. అమ్మమ్మ పద్ధతే డోరా పద్ధతి అని అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో ఉన్నదాన్ని నేను మర్చిపోతే, ఎక్కడో అమెరికాలో తయారైన బొమ్మ గుర్తుచేసింది.

కొన్ని నెలల తర్వాత పుట్టింటికి వెళ్ళాలని తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కాం. ఏలూరులో దిగి పెద్దమ్మ ఇంట్లో ఒక పూట ఉండి వెళ్ళాలని. "మనం ఎలా వెళ్తామో తెలుసా? పూళ్ళ, భీమడోలు, పవర్‌పేట, తర్వాత ఏలూరు" అని పటంలాగా చెప్పాను. పూళ్ళ దాటాక అడిగి ఆగాను. అది కిటికీ వంక చూసి, నా వంక చూసి, "పూల్ల అయిపోయింది, ఇప్పుడు భీమదోలు వత్తుంది" అంది. ఎదురు సీటులో ఉన్న ముసలాయన "భలే చెప్పావే బుల్లెమ్మా" అన్నాడు. ఆ ముసలాయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే. మరుసటి ఏడాది ఆ బడికి మళ్ళీ వెళ్ళలేదు, వేరే బడిలో వేశాం.

డోరా వల్లే మాటలొచ్చాయని నేను అనను. దాని టైము వచ్చిందేమో, నేను మారడం వల్లేమో. 2005లో డెబొరా లైన్‌బార్గర్, డేల్ వాకర్ అనే పరిశోధకులు అమెరికాలో 51 మంది చంటిపిల్లల్ని ఆరో నెల నుంచి ముప్పయ్యో నెల దాకా గమనించారు. డోరా, బ్లూస్ క్లూస్ లాంటివి చూసిన పిల్లలకి మాటలు ఎక్కువగా ఉన్నాయట. టెలీటబ్బీస్ చూసిన వాళ్ళకి తక్కువగా ఉన్నాయట. ఉన్నది 51 మందే, పైగా ఇంట్లో వాళ్ళు ఎలా మాట్లాడతారన్నది కూడా కలిసే ఉంటుంది కదా. నాకు అందులో నచ్చింది ఒకటే. టీవీ అంతా ఒకటి కాదు. పిల్లని అడిగేది వేరు, ఊరికే మోగేది వేరు.

ఇప్పుడు టీవీ పోయి ఫోను వచ్చింది. మద్రాసులో 2013లో మొదలైన చుచు టీవీ, బెంగళూరు ఇన్ఫోబెల్స్ లాంటివి తెలుగులో బోలెడు పాటలు పెట్టాయి. రంగులు బాగుంటాయి, మన పాత పాటలు కూడా వినిపిస్తాయి. కానీ ఒక పాట అయ్యేలోపే ఇంకో పాట. ఆగడం ఉండదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి తెర వద్దని, ఏడాది పిల్లలకి అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చెప్పడం తేలికే. ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తూ, అన్నం తినిపించడానికి ఫోను ఇచ్చిన ఏ తల్లినీ నేను ఒక్క మాట అనను. నేనే ఆ తల్లిని కదా.

పోయిన నెల మా చెల్లెలి మనవడు వచ్చాడు. రెండున్నరేళ్ళు. చేతిలో ఫోను, కళ్ళు ఆర్పడు. పక్కన కూచుని, తెర మీద పక్షి వచ్చినప్పుడు వేలితో ఆపేశాను. "ఇదేంటి నాన్నా?" అన్నాను. గయ్యిమన్నాడు. మళ్ళీ నడిపించి, మళ్ళీ ఆపాను. మూడోసారికి ఏడుపు మానేసి నా మొహం వంక చూశాడు. నేను మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగు అనుకునేలోపు "కొంగ" అన్నాడు.

అది కొంగ కాదు, చిలక. అయినా కొల్లేటి వాళ్ళ మనవడు కదా, కొంగే అనుకున్నాను. "అవును కొంగే, మరి అది ఎక్కడికి ఎగిరిపోతోంది?" అని అడిగి మళ్ళీ ఆగాను.

ఊదా బ్యాగుకి పట్టీ కుట్టించి, అది వాడికే ఇచ్చాను.