విసురు కత్తి: తక్కువ ధరలో ఎంపిక

వినోదార్థం గురిపై విసిరే కత్తికి అంచు పదును అక్కరలేదు. మొన వాడిగా ఉంటే చాలు. అంచు పదునైన కత్తి గురికన్నా ముందు విసిరేవారి వేళ్లను కోస్తుంది.

పిడి, అలుగు కలిసి ఒకే ఉక్కు పట్టీగా ఉండాలి. చెక్క పిడి బిగించిన వంటింటి కత్తి త్వరలోనే వదులవుతుంది. మడత కత్తి అసలు పనికిరాదు. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 200 నుండి 300 గ్రాముల బరువు కొత్తవారికి అనుకూలం. చిన్న కత్తి గాలిలో వేగంగా తిరుగుతుంది గనుక మొన నాటడం కష్టం. ఉక్కు మరీ గట్టిదైతే మొన విరుగుతుంది. కాస్త మెత్తనిదైతే వంగుతుంది; దానిని సుత్తితో సరిచేసి ఆకురాయితో రుద్దుకోవచ్చు. రంగుల పూతలు, చెక్కిన బొమ్మలు ధరను పెంచుతాయే గాని గురిని పెంచవు. ఖరీదైన ఒక్కదానికన్నా ఒకే కొలతగల సాదా కత్తులు మూడు కొనడమే లాభం.

గురికి మామిడి లేదా బూరుగు దుంగను అడ్డంగా కోసిన మందపాటి బిళ్ల మంచిది. చింత వంటి గట్టి కొయ్యకు తగిలిన కత్తి వెనుకకు ఎగిరివస్తుంది. పిల్లలు విసిరేవారికి వెనుక, దూరంగా నిలవాలి.

రాష్ట్ర సరిహద్దు దాటేవారు అలుగును కొలుచుకోవాలి. ఇంటి, వ్యవసాయ పనులకు ఉద్దేశించని కత్తి అలుగు 9 అంగుళాల పొడవును గాని, 2 అంగుళాల వెడల్పును గాని మించితే 2016 నాటి ఆయుధ నిబంధనల పరిధిలోకి వస్తుంది. కేంద్రం ప్రకటించిన ప్రాంతాలలో దానికి లైసెన్సు కావాలి. అందుచేత ఇరువైపుల పోలీసు ఠాణాలలోను ముందుగా విచారించడం శ్రేయస్కరం.