ఇంటికంటె ముందు ఇరుగుపొరుగు

అరబ్బీ భాషలో నొక సామెత కలదు. ఇల్లు చూచుటకు ముందు పొరుగును చూడుమనియు, బాట పట్టుటకు ముందు తోడును చూచుకొమ్మనియు దాని భావము. ఎడారిలో బ్రతికినవారి యనుభవమునుండి పుట్టిన మాట యిది. గోడలు కూలినచో మరల కట్టుకొనవచ్చును. చెడ్డ పొరుగు దాపురించినచో కట్టిన గోడలును సుఖమీయవు.

ఒక ముస్లిము కుటుంబము తన యూరు విడిచి క్రొత్త నగరమునకు వచ్చి, ఏ పేటలో దిగవలెనని యోచించినప్పుడు దాని యెదుట నిలుచు ప్రశ్నలేవి? ఆ ప్రశ్నలు కాలముతోపాటు ఎట్లు మారినవి? నాలుగు వందల యేండ్లకు పైగా ఇట్టి కుటుంబములను తనలో చేర్చుకొనుచు వచ్చిన హైదరాబాదు నగరమును ఉదాహరణముగా గైకొని, ఈ సంగతిని శ్రోతలకు విన్నవింపదలచితిని.

నేనెరిగిన వృద్ధులు ఇల్లు చూడబోయినప్పుడు కొన్ని ప్రశ్నలనే మరల మరల అడుగుచుండిరి. నీళ్లు దగ్గరనున్నవా? అజాను ఇంటికి వినవచ్చునా? జుబహా చేసిన మాంసమమ్ము దుకాణము నడచిపోదగినంత దూరములో కలదా? పిల్లలకు ఖురాను చదువ నేర్పు ఉస్తాదు దొరకునా? ఆడవారు మెలగుటకు చాటైన ముంగిలి యున్నదా? కట్టకడపట, ఖబరస్తాను ఎంత దూరము? ఈ కడపటి ప్రశ్న విన్నవారికి వింతగా తోచవచ్చును. కాని శవమును ఆలస్యము చేయక ఖననము చేయుట ఇస్లాము ఆచారము. జనాజాను మోయుటకు నాలుగు భుజములు కావలెను. ప్రార్థనకు వరుసలో నిలుచు మనుష్యులు కావలెను. ఈ సాయము పొరుగున దొరకనివాడు ఊరిలో నివసించుచున్నను ఊరు చేరనివాడే.

ఇస్లాము చరిత్రలో క్రొత్త నగరమునకు వలసపోవుట చిన్న సంగతి కాదు. హిజ్రీ శకము వలసనుండియే లెక్కింపబడుచున్నది. 622వ సంవత్సరమున ముహమ్మదు ప్రవక్త మక్కా విడిచి మదీనాకు వచ్చినప్పుడు, ఆ యూరి తెగలవారందరును తమ వాడలో దిగుమని వేడుకొనిరట. ఒక తెగను మెచ్చి వేరొక తెగను నొప్పించుట యిష్టము లేక, ఆయన తన యొంటె పగ్గమును వదలివేసి, అది మోకరిల్లిన చోటనే దిగెనని సంప్రదాయము. ఆ స్థలమిద్దరు అనాథ బాలురదట. వారు ఊరకే యిచ్చెదమన్నను, వెల యిచ్చియే గైకొనిరని చెప్పుదురు. మసీదచ్చట వెలసెను.

ఇంకొక కథయు కలదు. మక్కానుండి వచ్చిన యొక్కొక్కరిని మదీనావాసి యొక్కొక్కరితో సోదరునిగా జత చేసిరి. అబ్దుర్రహమాను ఇబ్ను ఔఫ్ అనునాయనకు జతయైన గృహస్థుడు తన సొత్తులో సగము పంచి యిచ్చెదననెను. వచ్చిన యాయన కృతజ్ఞత తెలిపి, అంగడికి త్రోవ యెటో చూపుమని మాత్రమడిగెను. ఆ అంగడి ఖైనుఖా అను యూదుల తెగవారిది. ఈ కథలోని నీతి నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. క్రొత్తగా వచ్చినవానికి తనవారి యాదరణ కావలెను. అంతకు తక్కువ కాకుండ, అన్ని మతములవారును కలసికొను అంగడికి త్రోవయు కావలెను. ఈ రెంటిలో నేది లోపించినను వలస ఫలింపదు.

ఇక మన నగరమునకు వత్తము. గోలకొండ కోటలో జనము క్రిక్కిరిసి నీటికి ఇబ్బంది కలుగగా, ముహమ్మదు కులీ కుతుబుషాహు 1591లో మూసీనది దక్షిణపు టొడ్డున క్రొత్త నగరమును స్థాపించెను. నదిపై వంతెన అంతకు ముందే, 1578లో, కట్టబడియుండెను. దానినే నేడు పురానాపూలందురు. చార్మినారు నడిబొడ్డుగా నాలుగు దిక్కులకు నాలుగు రాజవీథులు తీర్చిరి. ఈ నగర నిర్మాణమునకు యోచన చెప్పినవాడు పేష్వా పదవిలోనుండిన మీర్ మోమిను. ఆయనయు వలస వచ్చినవాడే. ఇరాను దేశమందలి అస్త్రాబాదు ఆయన జన్మస్థలము. వీథులతో తృప్తిపడక, దూరదేశములనుండి వచ్చి యిచ్చట కన్నుమూయువారికొరకు ఖనన భూమిని గూడ ఆయన ఏర్పరచెను. దాయిరా మీర్ మోమిను అను పేర అది నేటికిని కలదు. ఆయన సమాధియు అందే యున్నది. వృద్ధుల కడపటి ప్రశ్నకు నగర నిర్మాత ముందుగనే జవాబు సిద్ధపరచెనన్నమాట.

అసఫుజాహీల కాలమున రెండవ పెద్ద వలస కలిగెను. 1763లో నిజామలీఖాను రాజధానిని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మార్చగా, కొలువువారు, సిపాయిలు, లేఖకులు, వర్తకులు కుటుంబములతో తరలివచ్చిరి. వీరు పేటను ఎన్నుకొనిన పద్ధతి గమనింపదగినది. ఆ దినములలో గొప్ప ప్రభువుల భవనమును దేవిడీ యనుచుండిరి. దాని చుట్టును ప్రభువు నాశ్రయించినవారి యిండ్లు వెలయుచుండెను. కావున వచ్చినవాడు మొదట వెదకినది మొహల్లాను గాదు, ఆశ్రయమును. ఎవరి యుప్పు తినునో వారి నీడనే యింటిని కట్టుకొనెను.

ఇందువలన నొక మేలు కలిగెను. దేవిడీ నీడకు మతభేదము లేదు. నిజాముల వెంట వచ్చిన కాయస్థులు, ఖత్రీలు ముస్లిములతో కలసి పాతనగరములోనే నివసించిరి. ప్రధానమంత్రి పదవి నిర్వహించిన మహారాజా కిషన్ ప్రసాదుగారి దేవిడీ షాలిబండలో, చార్మినారు దాపుననే యుండెను. కొన్ని పేటలు ఉద్యోగమునుబట్టి ఏర్పడినవి. హద్రమౌతునుండి వచ్చిన అరబ్బు సిపాయిల నివాసము సైనికుల బ్యారక్సు అను మాటనుండి బార్కసు అయ్యెను. నిజాము నశ్వదళములో కొలువు చేసిన ఆఫ్రికావారి పేట ఏ.సీ. గార్డ్సు అను పేర నిలిచినది. ఆ నగరమున పేదరికము లేదనిగాని, ప్రభువుల దౌష్ట్యము లేదనిగాని నేను చెప్పను. ఆశ్రయమనునది బానిసత్వమునకు చుట్టమే. కాని పొరుగును నిర్ణయించినది పనియే గాని భయము కాదు.

పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున మొదటి సాలారుజంగు మంత్రిత్వములో, ఉత్తర హిందూస్థానమునుండి విద్యావంతులు ఉద్యోగములకై రాసాగిరి. 1874లో పొగబండి మార్గము వచ్చినది; ఆ యేడే పిదప మొహసినుల్ముల్కుగా ప్రసిద్ధికెక్కిన సయ్యదు మెహదీఅలీగారును వచ్చిరి. క్రొత్త యుద్యోగులకు పాత దేవిడీల నీడ అక్కరలేదు; నెల జీతము వారి యాశ్రయము. అందుచేత నగర ప్రాకారమునకు వెలుపల చాదర్‌ఘాటు వంటి పేటలు వృద్ధియయ్యెను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను, ఇండ్లను గొనిపోయెను. అటుపిమ్మట నీటి ప్రశ్న రెండు విధములైనది: త్రాగుటకు నీరు కలదా, ముంచునట్టి నీరు దూరమా? విశ్వేశ్వరయ్యగారి సలహాపై జలాశయముల యోచన సాగెను. 1920లో ఉస్మానుసాగరు, 1927లో హిమాయతుసాగరు పూర్తియయ్యెను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను తొలగించి, మల్లేపల్లి వంటి చోట్ల గాలి వెలుతురు గల యిండ్ల వరుసలు కట్టించెను. మురుగుకాలువ, కుళాయి, బడి యనునవి పేట నెన్నుకొనుటలో క్రొత్త ప్రశ్నలైనవి.

1948వ సంవత్సరము ఈ ప్రశ్నలన్నిటిని తలక్రిందులు చేసినది. అంతకు ముందు రజాకార్లు పల్లెలలో చేసిన దౌర్జన్యములను ఎవరును మరువజాలరు. సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన పోలీసుచర్యలోను, అటుపిమ్మటను, ఆ పాపముతో సంబంధము లేని ముస్లిము కుటుంబములు పెక్కు బలియయ్యెను. ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలుగారి సంఘము, తక్కువగా లెక్కించినను మృతులు 27,000 మొదలు 40,000 వరకు ఉందురని తెలిపినది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి నష్టపడినవని చెప్పినది. జిల్లాలనుండి ప్రాణములరచేత పెట్టుకొని రాజధానికి వచ్చినవారు నీటిని గూర్చి యడుగలేదు. బడిని గూర్చి యడుగలేదు. ఇచ్చట మనవారున్నారా యని మాత్రమడిగిరి. మరుసటి సంవత్సరము జాగీరులు రద్దుకాగా, దేవిడీల నాశ్రయించినవారు ఏకకాలమున జీవనమును, నీడను పోగొట్టుకొనిరి. జాగీరుల రద్దు న్యాయమే. కాని ఆ నీడలో బ్రతికిన భిస్తీకిని, దర్జీకిని, లేఖకునికిని మరియొక నీడ సిద్ధము కాలేదు.

అటుతరువాత 1978లోను, 1990లోను చెలరేగిన యల్లర్లు ఈ ప్రశ్ననే బలపరచినవి. కలసియున్న వీథులనుండి హిందువులొక దిక్కునకు, ముస్లిములొక దిక్కునకు ఇండ్లు మార్చుకొనిరి. అరబ్బు దేశములలో పనిచేసి నాలుగు డబ్బులు కూడబెట్టినవారును ఇరుకు గల్లీలు విడిచి టోలిచౌకివంటి తావులకు పోయిరేగాని, తనవారి నడుమ నుండవలెనను తలంపును విడువలేదు. 2006లో సచారు సంఘము తన నివేదికలో, దేశమంతట ముస్లిములు రక్షణకై గుమిగూడి నివసించుచున్నారనియు, ఇండ్లు కొనుటలోను అద్దెకు పొందుటలోను వారికి అడ్డంకులు కలుగుచున్నవనియు వ్రాసినది.

నాకును ఈ యనుభవము లేకపోలేదు. ఒక యిల్లు అద్దెకున్నదని తెలిసి పోతిని. యజమాని ఉద్యోగమడిగెను, పిల్లలెందరని యడిగెను, అన్నిటికి సంతోషించెను. తుదకు పేరడిగెను. చెప్పితిని. అప్పుడాయనకు, ఆ యిల్లు నిన్ననే యొకరికి మాటయిచ్చిన సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఆయన మర్యాద తప్పలేదు. మంచినీళ్లు గూడ ఇప్పించెను. ఆ మర్యాదయే నన్ను ఎక్కువ బాధించినది.

ముస్లిములు తమలో తామే యుందురని యాక్షేపించువారు ఈ చరిత్రను గమనింపవలెనని నా మనవి. అజాను వినవచ్చు చోట నుండగోరుట తప్పుగాదు. గుడిగంట వినవచ్చు చోట నుండగోరుట యెట్లు తప్పుగాదో అట్లే. ఇష్టపడి దగ్గర చేరినచో అది మొహల్లా. వేరొక చోటు దొరకక దగ్గర చేరినచో అది చెర. బయటినుండి చూచువానికి రెండును ఒక్కటిగానే కనబడును. లోపలనున్నవానికే భేదము తెలియును.

ఇల్లు వెదకు కుటుంబమునకు నేను చెప్పగలది కొంచెమే. మసీదు దూరమును కొలువుడు. దానితోపాటు బడి దూరమును, ఆసుపత్రి దూరమును, పని దూరమును గూడ కొలువుడు. భయము చెప్పు మాటను వినుడు, కాని దానిని మాత్రమే వినకుడు. ఇల్లు అద్దెకిచ్చువారికి నా మనవి యింకను చిన్నది: పేరు నడుగుట మానరాదు, పొరుగువాని పేరు తెలిసికొనవలసినదే. కాని తాళపుచెవి చేతిలో నుంచిన పిమ్మట అడుగుడు.