వయసు వేరు, జబ్బు వేరు

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ ట్యూబింగెన్‌లో వైద్యుల సభలో వివరించిన రోగి మతి తప్పిన, యాభైల్లో ఉన్న స్త్రీ. అందువల్ల ఆయన పేరు పెట్టుకున్న వ్యాధి నడివయసులో అరుదుగా వచ్చేదన్న ముద్ర దశాబ్దాల పాటు పోలేదు. డెబ్భై దాటినవాళ్లు అదే తీరున మతి తప్పితే వయసు మీద పడిందన్నారు. దిగులుతో మంచం పట్టినా అదే మాట.

ఆ అలవాటును గట్టిగా కదిలించినవారు మానసిక వైద్యుడు మార్టిన్ రాత్. ఇంగ్లండులో చిచెస్టర్ దగ్గరి గ్రేలింగ్‌వెల్ మానసిక వైద్యశాలలో చేరిన వృద్ధుల్లో ఎవరు ఇంటికి వెళ్లారు, ఎవరు అక్కడే ఉండిపోయారు, ఎవరు చనిపోయారు అని ఆయన ఓపిగ్గా లెక్క తీశారు. కుంగుబాటుతో చేరినవాళ్లలో ఎక్కువమంది కోలుకుని ఇల్లు చేరారు. మతి క్షీణించి చేరినవాళ్లలో ఎక్కువమంది రెండేళ్లలోపే కన్నుమూశారు. 1955లో ఈ లెక్కలతో ఆయన వ్యాసం అచ్చయింది. వృద్ధుల మానసిక వైద్యం ప్రత్యేక శాస్త్రంగా నిలబడటానికి పునాది ఈ విభజనే అని నా నమ్మకం.

అమెరికాలో ఈ శాస్త్రానికి జీవితం ధారపోసినవారు రాబర్ట్ బట్లర్. న్యూజెర్సీలో అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగిన ఆయనకు ముసలితనం చిన్నప్పుడే ఇంటి మనిషి. పెద్దవాళ్లు పాత సంగతులు తవ్వుకోవడాన్ని మతి జారుతున్న గుర్తుగా వైద్యులు చూస్తున్న రోజుల్లో, అది బతుకును సరిచూసుకునే సహజమైన పని అని 1963లో రాశారు. మన అరుగుల మీద తాతలు చేసింది అదే కదా! వయసును బట్టి మనిషిని చిన్నచూపు చూడటం కూడా జాతి వివక్ష లాంటిదేనని 1969లో తేల్చి చెప్పారు. వృద్ధుల దుస్థితిపై ఆయన రాసిన పుస్తకానికి 1976లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అమెరికా జాతీయ వార్ధక్య పరిశోధన సంస్థకు తొలి డైరెక్టరుగా ఉండి అల్జైమర్ పరిశోధనకు ప్రభుత్వ నిధులు మళ్లించారు. 1982లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్‌లో వృద్ధుల వైద్యానికి పూర్తి స్థాయి విభాగం నెలకొల్పారు. వైద్య విద్యార్థి ముసలివాళ్ల వార్డులో తప్పనిసరిగా పనిచేయాలన్నది ఆయన పట్టుదల. పుస్తకం కన్నా, బహుమతి కన్నా అదే గొప్పదంటాను.

మన దేశంలో మదురైలో ఎ. వెంకోబారావు వృద్ధుల మానసిక ఆరోగ్యంపై తొలినాళ్లలోనే పరిశోధన సాగించారు. హైదరాబాదు వంతు 2013లో వచ్చింది. నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతి క్షీణత) రోగులను పరిశీలించిన సువర్ణ అల్లాడి బృందం, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని చూపింది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. తరువాత వేరే చోట్ల జరిగిన అధ్యయనాలన్నీ దీంతో ఏకీభవించలేదు. అయినా తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఊరే ఇలాంటి ప్రశ్నకు సరైన చోటు.

ఇంట్లో పెద్దవాళ్లకు తిండి సయించకపోయినా, నిద్ర పట్టకపోయినా, మాట తగ్గినా వయసు అని వదిలేయకండి. డాక్టరుకు చూపించండి. కుంగుబాటుకు ఎనభైలో కూడా వైద్యం ఉంది.