తెలుగు వార్తా మాధ్యమాలు - స్వతంత్ర అంతర్జాల వీడియోలు

స్వతంత్ర అంతర్జాల వీడియోలు అనగా పత్రికలకు గాని, టెలివిజన్ ఛానెళ్ళకు గాని చెందని వ్యక్తులు, చిన్న బృందాలు చిత్రీకరించి యూట్యూబు వంటి వేదికలలో ఉంచే వార్తలు, వ్యాఖ్యానాలు. తెలుగు రాష్ట్రాలలోని ప్రధాన వార్తా సంస్థలు వీటిని ఒకవైపు సమాచార వనరుగా వాడుకొంటూ, మరొకవైపు విశ్వసనీయత లేనివిగా పరిగణించడం కనిపిస్తుంది.

నేపథ్యం

తెలుగులో ప్రైవేటు ఉపగ్రహ ప్రసారాలు 1995లో జెమిని, ఈటీవీలతో విస్తరించాయి. 2003-04 ప్రాంతంలో ఈటీవీ2, టీవీ9 రాకతో వార్తా ఛానెళ్ళ యుగం మొదలయినది. ఛానెల్ నడపడానికి కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ అనుమతి, స్టూడియో, కేబుల్ ఆపరేటర్ల సహకారం అవసరం. అందువలన పెట్టుబడి ఉన్నవారికే అది సాధ్యమయ్యేది. 2005లో యూట్యూబు ప్రారంభం కావడం, 2016 సెప్టెంబరులో జియో సేవలతో డేటా ధరలు పడిపోవడం ఈ పరిస్థితిని మార్చాయి. చేతిఫోను, మైకు ఉన్న వ్యక్తి మండల స్థాయి వార్తలను కూడా నేరుగా ప్రేక్షకులకు చేరవేయగలుగుతున్నాడు.

నర్సీపట్నం వైద్యుని ఉదంతం

నర్సీపట్నం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. 2020 ఏప్రిల్‌లో ఇక్కడి ప్రాంతీయ ఆసుపత్రి మత్తువైద్యుడు డాక్టర్ సుధాకర్, కోవిడ్ సమయంలో వైద్యులకు ఎన్-95 మాస్కులు, రక్షణ దుస్తులు ఇవ్వడం లేదని ఆరోపించాడు. ఆ వీడియో వ్యాపించిన తరువాత ప్రభుత్వం ఆయనను సస్పెండు చేసింది. మే 16న విశాఖపట్నంలో పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టి తీసుకువెళ్ళిన దృశ్యాలు ఫోన్లలో వ్యాపించి, ఛానెళ్ళలోనూ ప్రసారమయ్యాయి. ఆయన మద్యం మత్తులో గొడవ చేశాడని పోలీసులు తెలిపారు. అప్పటికి మాజీ శాసనసభ్యురాలైన వంగలపూడి అనిత వ్రాసిన లేఖను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వ్యాజ్యంగా స్వీకరించి, సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. సుధాకర్ 2021 మేలో మరణించాడు.

ఫోను దృశ్యాలు వార్తాంశాన్ని నిర్ణయించిన సందర్భంగా దీనిని చెప్పవచ్చును. అయితే ఇటువంటి దృశ్యాలను ప్రసారం చేసేటపుడు చిత్రీకరించినవారి పేరు చెప్పక, "సామాజిక మాధ్యమాలలో చక్కర్లు కొడుతున్న వీడియో" అనడమే పరిపాటి.

రాకపోకలు

రెండు రంగాల మధ్య వ్యక్తుల రాకపోకలు ఉన్నాయి. వీ6 ఛానెల్‌లో "తీన్మార్" వార్తలతో పేరుపొందిన చింతపండు నవీన్ (తీన్మార్ మల్లన్న) తరువాత క్యూ న్యూస్ అనే యూట్యూబు ఛానెల్ నడిపి, 2024లో శాసనమండలికి ఎన్నికయ్యాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి వెలువడే "మై విలేజ్ షో" ద్వారా ప్రసిద్ధురాలైన గంగవ్వను 2020లో "బిగ్ బాస్" కార్యక్రమం టెలివిజన్‌కు తెచ్చింది. పత్రికలు, ఛానెళ్ళు కూడా నేడు సొంత యూట్యూబు ఛానెళ్ళు నడుపుతున్నాయి.

కాపీరైటు వివాదాలు

యూట్యూబు నియమాల ప్రకారం 90 రోజులలో మూడు కాపీరైటు ఫిర్యాదులు నిలబడితే ఛానెల్ రద్దు కావచ్చును. ఏఎన్ఐ వార్తా సంస్థ ఈ నియమాన్ని ఆసరాగా చేసుకొని భారీ రుసుములు అడుగుతున్నదని 2025 మేలో యూట్యూబరు మోహక్ మంగల్ ఆరోపించాడు. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేసింది. విమర్శ, సమీక్ష, వర్తమాన ఘటనల నివేదన కొరకు పరిమిత వినియోగాన్ని 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను అనుమతిస్తున్నది. కాని ఎన్ని సెకన్లు వాడవచ్చునో చట్టం చెప్పదు. న్యాయస్థానం తేల్చేలోపే ఛానెల్ మూతపడే ప్రమాదం ఉండుట చిన్నవారికి ప్రధాన సమస్య.

చట్టపరమైన స్థితి

2024 మార్చి 1న అమలులోకి వచ్చిన పత్రికల నమోదు చట్టం అంతర్జాల వార్తలకు వర్తించదు. వీటికి 2021 నాటి సమాచార సాంకేతిక నియమాలు వర్తిస్తాయి. 2025 మార్చిలో హైదరాబాదులో ఇద్దరు మహిళా యూట్యూబు పాత్రికేయులు అరెస్టయిన తరువాత, పాత్రికేయులు ఎవరనే ప్రశ్నను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో లేవనెత్తాడు.

విమర్శలు

వార్తను సరిచూసే సంపాదక వ్యవస్థ లేకపోవడం, అతిశయోక్తి శీర్షికలు, విలేకరుల ముసుగులో వసూళ్ళు అనేవి స్వతంత్ర వీడియోలపై ఉన్న ఆరోపణలు. పెద్ద సంస్థలు రాజకీయ పక్షాల అండతో నడుస్తున్నాయని, పల్లెల సమస్యలను విస్మరిస్తున్నాయని రెండవ పక్షం వాదన.

ఇవి కూడా చూడండి

అనకాపల్లి జిల్లా
నర్సీపట్నం
యూట్యూబు
తెలుగు పత్రికలు