కొంగూ, గడ్డి మిషనూ

గడ్డి కోసే యంత్రం పుట్టిల్లు పొలం కాదు, బట్టల మిల్లు అంటే మీరు నమ్ముతారా? నేనూ చదివేదాకా నమ్మలేదు. ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరి చుట్టుపక్కల ఉన్ని బట్టలు నేసే మిల్లులుండేవి. మగ్గం దిగిన బట్ట మీద నూగు లేచి ఉంటుంది కదా, దాన్ని నున్నగా కత్తిరించడానికి అక్కడ ఒక యంత్రం వాడేవారు. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ దాన్ని చూసి, బట్ట మీద నూగు కత్తిరించేది నేల మీద గడ్డి మాత్రం ఎందుకు కత్తిరించదు అనుకున్నాడు. 1830లో పేటెంటు తీసుకున్నాడు. లండన్ రీజెంట్స్ పార్కులోని జంతు ప్రదర్శనశాల వాళ్ళు మొదట్లోనే ఒకటి కొన్నారట. తన యంత్రాన్ని తోసుకు తిరగడం పెద్ద మనుషులకి సరదా అయిన వ్యాయామం అని కూడా ఆయన పేటెంటు కాగితంలో రాసుకున్నాడు. మన గట్ల మీద వంగి గేదెకి మోపెడు గడ్డి కోసుకొచ్చే ఆడమనిషిని, వ్యాయామం బాగుందా అని అడిగిన వాళ్ళెవరూ లేరు!

ఈ బడ్డింగ్ మహాశయుడు నాకు పోలవరంలో గుర్తుకొచ్చాడు. మా మరిదికి అక్కడ పదెకరాల ఆయిల్ పామ్ తోట ఉంది. ధవళేశ్వరం దిగువన ఉన్నట్టు కనుచూపు మేరా వరిచేలు ఉండవక్కడ. పాపికొండల నీడ పడే మెరక భూములు. మామిడి, జీడిమామిడి, ఇప్పుడు ఎక్కడ చూసినా ఈ ఆయిల్ పామ్. ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో దీనికోసం కేంద్రప్రభుత్వం ఒక పరిశోధన కేంద్రమే పెట్టింది. చెట్ల కింద గడ్డి మాత్రం ఏ పరిశోధనకీ లొంగకుండా వానాకాలంలో మోకాలి దాకా లేస్తుంది. ఒకప్పుడు కొడవళ్ళతో పదిమంది దిగేవారు. ఇప్పుడు ట్రాక్టరు వెనక తగిలించే గడ్డి మిషను దిగుతోంది. స్లాషర్ అంటారు దాన్ని.

దీని పనితీరు మనకి తెలియనిదేం కాదు. మిక్సీని తలకిందులు చేసి ట్రాక్టరుకి కట్టారనుకోండి, అదే స్లాషర్. బడ్డింగ్ యంత్రం కత్తెరలా రెండు అంచుల మధ్య గడ్డిని ఇరికించి కోసేది. ఇది అలా కాదు, వేగంతో కొట్టి తెంపుతుంది. ట్రాక్టరు వెనక ఒక ఇరుసు తిరుగుతుంటుంది, పీటీఓ అంటారు. నిమిషానికి 540 చుట్లు. ఎక్కడి యంత్రమైనా ఎక్కడి ట్రాక్టరుకైనా అతకాలని 1920లలో అమెరికా ఇంజనీర్లు ఖాయం చేసిన లెక్క ఇది. అక్కణ్ణించి గేరుపెట్టెలోకి వెళ్ళేసరికి బ్లేడు నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిరుగుతుంది. అయిదడుగుల అడ్డకొలత గల చక్రంలో అంటే, బ్లేడు కొస గంటకి 280 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుందన్నమాట. మన వందే భారత్ రైలు ప్రయాణికులతో పరిగెత్తేటప్పుడు 160 దాటదు. ఇంత వేగం మా మరిది తోటలో మోకాలి ఎత్తున, ఒక రేకు డొప్ప కింద దాక్కుని ఉంటుంది.

ట్రాక్టరు మొదట ఎద్దు చోట్లోకి వచ్చింది, లాగడమే దాని పని. ఇంజను శక్తిని వెనక ఇరుసు ద్వారా వేరే యంత్రానికి అందించే ట్రాక్టరుని 1918లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత ఐర్లండు రైతుబిడ్డ హారీ ఫెర్గూసన్ వచ్చాడు. ఆ రోజుల్లో గొలుసుతో లాగే నాగలి ఏ రాయికో మొద్దుకో తగిలితే ట్రాక్టరు ముందు కాళ్ళు లేపి వెనక్కి తిరగబడి డ్రైవరు మీదే పడేది. ఆయన మూడు చేతులతో పనిముట్టుని పట్టుకుని ఎత్తి దించే ఏర్పాటు కనిపెట్టి ఆ గండం చాలావరకు తప్పించాడు. ఇవాళ పోలవరంలో స్లాషర్‌ని మోస్తున్నవి ఆ మూడు చేతులే. ఫెర్గూసన్ పేరు మద్రాసులో 1960లో మొదలైన టాఫే కంపెనీ ద్వారా మనదాకా వచ్చి, మన వాళ్ళ నోట ‘మాసీ’గా మిగిలింది.

అప్పటికి పశ్చిమ గోదావరిలో వ్యవసాయ ప్యాకేజీ పథకం నడుస్తోంది. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్ 8 వరి పండించి పేరు తెచ్చుకున్నారు. రెండు పంటల తొందరలో ఎడ్లకి తీరిక చిక్కలేదు, ట్రాక్టర్లు దిగాయి. మన రైతు ఏ యంత్రాన్నీ వచ్చింది వచ్చినట్టు ఉంచడు కదా! రబ్బరు చక్రాలు బురదలో కూరుకుపోతున్నాయని ఇనప చట్రాల దమ్ము చక్రాలు వెల్డింగు షాపుల్లో చేయించి బిగించాడు. చేలో అవి బంగారం. అదే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు గతి ఏమవుతుందో డెల్టాలో ప్రయాణం చేసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అంచేత మా మరిది తన గడ్డి మిషనుని పెరట్లోనే విప్పి బాగుచేసుకుంటుంటే నాకు వింత అనిపించలేదు, కులవిద్యలాగే అనిపించింది.

ముందు దాన్ని ఎత్తి కింద దుంగలు పెట్టాడు. ఎత్తి ఉంచే నూనె పీడనాన్ని నమ్మి కింద తలపెట్టకూడదట, అది నాకు నచ్చింది. గేరుపెట్టెలో తొంభై నంబరు నూనె పోశాడు. నిపిళ్ళకి గ్రీజు కొట్టాడు. కంపెనీ బ్లేడులు అరిగాయని, ఊళ్ళో కమ్మరి చేత పాత లారీ కమాను పట్టాతో కొత్తవి కొట్టించాడు. ఆ కమ్మరి కొడవళ్ళకి కక్కు పెట్టిన చెయ్యే. పదును ఎక్కువైతే ఇనుము పెళుసై విరుగుతుందని ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే కొడవలి ఒంటరిది, ఈ బ్లేడులు జంట. ఒకటి పిసరంత బరువెక్కువైనా మిషను మొత్తం వణికి బేరింగులు పోతాయి. అందుకని రెండింటినీ కంసాలి త్రాసులో తూచినట్టు తూచి, బరువుదాన్ని అరగదీశారు. ఇంకో చిన్న బోల్టు ఉంది, మొద్దు తగిలితే ముందు తానే తెగి గేరుపెట్టెని కాపాడుతుంది. మిక్సీ కింద రబ్బరు కప్లరు లాంటిదే. మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేసేవాళ్ళున్నారట. దాంతో బోల్టు దక్కుతుంది, గేరుపెట్టె పోతుంది. వీధి గుమ్మం దగ్గర కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టేయడం లాంటి తెలివి ఇది.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ట్రాక్టరుకీ మిషనుకీ మధ్య తిరిగే షాఫ్టు నున్నగా, బోసిగా కనిపించింది.

“ఏమయ్యా, దీనికి తొడుగు ఉండాలి కదా?” అన్నాను.

“గ్రీజు కొట్టడానికి అడ్డమొస్తోందని కుర్రాడు పీకేశాడు వదినా. ఆ మూలెక్కడో పడుంటుంది” అన్నాడు.

నేను ఆర్ట్సు చదివినదాన్నే అయినా ఈ లెక్క వచ్చు. నిమిషానికి 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. షాఫ్టు చుట్టుకొలత జానెడు లోపు. అంటే సెకనుకి ఒకటిన్నర మీటరు బట్టని లోపలికి లాక్కుంటుంది. మనం కట్టే చీర అయిదున్నర మీటర్లు. నాలుగు సెకన్లు చాలు, కొంగు పట్టుకున్న షాఫ్టుకి మనిషి చేరడానికి. ఆ లోపల ట్రాక్టరు మీద మనిషి వెనక్కి తిరిగి చూడడం కూడా అనుమానమే. బ్రిటన్‌లో ఈ షాఫ్టుకి తొడుగు ఉండి తీరాలని 1957లోనే నిబంధనలు చేశారు. మన దేశంలో గోధుమ నూర్పిడి యంత్రాల్లో ఎందరి చేతులో పోయాక 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. అవి తయారుచేసేవాళ్ళకి లైసెన్సు, దెబ్బతిన్నవాళ్ళకి పరిహారం అందులో ఉన్నాయి. కానీ ఏ చట్టమూ పెరట్లో విప్పిన తొడుగుని తిరిగి తొడగడానికి రాదు. విప్పినవాడే తొడగాలి.

ఆయిల్ పామ్ గెలలు నరికేది మగవాళ్ళు. రాలిన పళ్ళు ఏరేది ఆడవాళ్ళు, ట్రాక్టరు తిరిగే వరసల్లోనే వంగి ఏరుతారు. మా తోటలో ఏరే పెద్దావిణ్ణి కొంగు జాగ్రత్త అన్నాను. ఆవిడ నవ్వింది.

“కొంగు ఎప్పుడూ బొడ్లోనే దోపుకుంటామండి అమ్మగారూ. జారిపోయేది తలకి కట్టిన తువ్వాలండి. వంగినప్పుడల్లా ఊడి ముందుకి పడతాదండి.”

నా లెక్కలో చీర ఉంది, తువ్వాలు లేదు. రోజూ వంగేవాళ్ళకి తెలిసేది పుస్తకాల్లో ఎక్కడుంటుంది?

మరిది ఆ సాయంత్రమే తొడుగు వెతికించాడు. ఒక చివర చిట్లింది. కొత్తది తెచ్చేదాకా షాఫ్టు కదపనన్నాడు, రెండు రోజులు తోట పని ఆగింది. ఆ రెండు రోజుల్లో మిషనుకి ఇంకో మార్పు చేశాడు. బ్లేడు కింద పడ్డ రాయి తూటాలా ఎగురుతుందని డొప్ప వెనక అంచున పాత గొలుసులు తెరలా వరసగా వేలాడేసి వెల్డింగు చేయించాడు. గడ్డి మీంచి పోతుంటే అవి గలగలమంటాయి. ఏరే ఆడవాళ్ళు ఆ చప్పుడు వినగానే, తలెత్తకుండానే, రెండు వరసలు అవతలికి జరుగుతున్నారు.