వల్దొబ్బియాదెనె కొండల నురుగు

ఇటలీలోని ఈ వల్దొబ్బియాదెనె యూరికి కాపురము వచ్చిన తొలియేట, తీపి గిట్టదని చెప్పుచుండెడి మా యింటి యజమానురాలిని భోజనమునకు పిలిచి, అంగడిలో వెదకి వెదకి, తీపి లేనిదని తలచి ‘డ్రై’ అని అచ్చువేసిన ప్రొసెక్కో యను నురుగు ద్రాక్షాసవపు సీసాను కొనితెచ్చితిని. ఆ పెద్దామె ఒక గ్రుక్క పుచ్చుకొని నవ్వి, ‘ఇది పిండివంటలతో త్రాగవలసినది, నాయనా’ అనెను. ఈ ఆసవములలో లీటరునకు 12 గ్రాములలోపు చక్కెర గలది బ్రూట్. 12 మొదలు 17 వరకు ఎక్స్‌ట్రా డ్రై. 17 దాటి 32 వరకు డ్రై. నేతిబీరకాయ నెరిగిన మనకు ఈ పేర్లు వింతగొలుపరాదు గాని, నేను మోసపోతిని.

వల్దొబ్బియాదెనెకును కొనెల్యానోకును నడుమ యంత్రములు ఎక్కలేని నిటారు వాలులు గలవు. వానిని ఇచ్చటివారు ‘రీవె’ యందురు. పచ్చిక గట్లు మన్నును పట్టి నిలుపుచుండగా ప్రొసెక్కోకు మూలమైన గ్లేరా ద్రాక్షతీవలు మెట్లు మెట్లుగా ప్రాకిన యీ కొండలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినది. చూడవచ్చినవారు మెచ్చుకొని పోవుదురు. అయితే ఒకప్పుడీ నేల తన బిడ్డలకే కూడు పెట్టలేకపోయినది. 1870 దశాబ్దము మొదలుకొని వెనెతో సీమ రైతులెందరో బ్రెజిల్ దక్షిణభాగమునకు ఓడలెక్కిరి. నిలిచినవారిని మొదటి ప్రపంచ యుద్ధము తరిమినది: 1917 అక్టోబరులో కపొరెత్తోకడ ఓడిన ఇటలీ సేన పియావె నదికి వెనుదిరుగగా, ఎడమగట్టున నున్న వల్దొబ్బియాదెనె శత్రువశమై, జనము వెడలగొట్టబడి, ఏడాదిపాటు ఫిరంగిగుండ్లకు గురియై, 1918 నవంబరున యుద్ధము ముగియునాటికి శిథిలముల గుట్టగా మిగిలినది. పొట్టచేతబట్టుకొని నేను వచ్చి చేరిన యీ యూరు, పొట్టచేతబట్టుకొని వెడలిపోయినవారి యూరే.

ఇక నురుగు సంగతి. పూర్వము చలికి ఆగిన పులియుట వసంతమున సీసాలోనే మరల రేగి, బుడగలతోపాటు అడుగున మడ్డిని మిగిల్చెడిది. ‘కొల్ ఫొందొ’, అనగా అడుగుతో కూడినది, అని అట్టి ఆసవమునకు పేరు. 1876లో ఆంతోనియో కర్పెనె మొదలగువారి పూనికతో కొనెల్యానోలో ద్రాక్షాసవ విద్యాలయము వెలసినది. 1895లో ఫెదెరీకో మర్తినొత్తి, రెండవమారు పులియుటను ఒక్కొక్క సీసాలో గాక బిగించిన పెద్దతొట్టిలో జరుపు విధమునకు హక్కుపత్రము పొందెను. 1907లో యూజీన్ షర్మా యను ఫ్రెంచివాడు దానిని మెరుగుపరచెను. షాంపేనువలె మడ్డిపై చిరకాలముంచి రొట్టెవాసన తెప్పించుట యిచ్చట ఉద్దేశము గాదు. పచ్చి ఆపిల్, పియర్, తెల్లపువ్వుల వాసన చెడకుండుటయే కావలసినది. కావున సన్ననాళమువంటి గ్లాసు నాకు నచ్చదు. తామరమొగ్గవలె కొంత పొట్టగల గ్లాసులో, 6 మొదలు 8 డిగ్రీల చల్లదనమున పోసికొనవలెను.

వేయించిన సార్డీను చేపలను ఉల్లిపాయలతో పులికాడిలో ఊరవేసిన వెనీసు వంటకమునకు బ్రూట్ చక్కని తోడు. మన వంటలలో, నూనె చిమ్ము గారెకు, అల్లము తగిలించిన పెసరట్టునకు ఎక్స్‌ట్రా డ్రై అబ్బురముగ నొప్పును: ఆ కొద్ది తీపి కారమును జోకొట్టును, పులుపు నూనెను కడిగివేయును. ఆవకాయ జోలికి మాత్రము పోరాదు. బుడగలు నాలుకపై మంటను ఇంకను రేపును.

ఆ తొలి విందు మరుసటి వారము పెద్దామెయే కొల్ ఫొందొ సీసాతో వచ్చి, గారెలు నాలుగు తిని, అయిదవదానికి చేయి చాచుచు, సీసాను మెల్లగా కదిపి, అడుగున మిగిలిన మబ్బువంటి రెండు గ్రుక్కలను నా గ్లాసులోనే ఒంపెను.